పట్టాల మీద మంచుగడ్డ: ఇంజిన్‌కు అసలు ప్రమాదం ఎక్కడ?

చలిదేశాల్లో రైళ్లు నడిచే తీరు గురించి మా శీర్షికకు కొంతకాలంగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో అమెరికా, కెనడాలలో స్థిరపడిన తెలుగువారు రాసినవి ఉన్నాయి, మన రైల్వే ఉద్యోగులు రాసినవి ఉన్నాయి, కాశ్మీరు రైలెక్కి వచ్చినవారు రాసినవీ ఉన్నాయి. పట్టాల మీద పేరుకునే మంచుగడ్డకు సంబంధించిన ప్రశ్నలను ఏరి ఈ సంచికలో ఒకచోట ఇస్తున్నాము.

ప్రశ్న: మా ఇంటికి దగ్గరలో ఒక ఫ్యాక్టరీకి వెళ్లే సింగిల్ లైను ఉంది. వారానికి రెండు మూడుసార్లు మాత్రమే గూడ్సు బండి వస్తుంది. పోయిన చలికాలంలో ఆ బండి లెవెల్ క్రాసింగ్‌కు ముందే ఆగింది. సిబ్బంది దిగి, పట్టాల లోపలి అంచున ఉన్న గాడిలోని మంచును గునపాలతో పొడిచి తీసిన తర్వాతే ఇంజిన్ కదిలింది. వంద టన్నులు దాటిన ఇంజిన్ ఆ కాస్త మంచుకు జంకడం ఏమిటి?
— మినియాపొలిస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇంజిన్ బరువు తెలిసినవారికి ఈ సందేహం రావడం సహజమే. అయినా ఆ సిబ్బంది చేసినదే సరైన పని. పట్టాలపై మంచు అనగానే అందరి దృష్టీ పట్టా తల మీద మెరిసే పలుచని పొర మీదికి పోతుంది కానీ, ఇంజిన్‌ను పట్టా తప్పించగల మంచు ఉండేది పట్టా పక్కనున్న ఆ గాడిలోనే.

రైలు చక్రంలో పట్టా తలపై దొర్లే వెడల్పాటి భాగం ఒకటి ఉంటుంది. దానికి లోపలివైపున, పట్టా తల కంటే దాదాపు మూడు సెంటీమీటర్లు కిందికి దిగి ఉండే అంచు మరొకటి ఉంటుంది. దీనినే ఫ్లాంజ్ అంటారు. చక్రం పక్కకు తొలగబోయినప్పుడు పట్టాకు ఆనుకుని దాన్ని ఆపేది ఈ ఫ్లాంజే. మామూలు లైనులో పట్టాకు లోపలివైపు ఖాళీయే కనుక దానికి అడ్డేమీ ఉండదు. లెవెల్ క్రాసింగ్ దగ్గర మాత్రం వాహనాలు పోవడానికి రోడ్డును పట్టా తల ఎత్తు వరకు నింపుతారు కాబట్టి, ఫ్లాంజ్ కోసం పట్టా పక్కనే ఐదారు సెంటీమీటర్ల వెడల్పున ఒక గాడిని వదిలిపెడతారు. మన గేట్ల దగ్గర చెక్ రైలు అనే అదనపు పట్టా వేసి ఏర్పరిచేది ఈ గాడినే.

ఇప్పుడు మీ ఊరి చలికాలంలో ఆ గాడికి ఏమవుతుందో చూడండి. కురిసిన మంచు అందులో పడుతుంది. దాని మీదుగా కార్లు, లారీలు పగలంతా నడుస్తూ టైర్లతో దాన్ని అణగదొక్కుతాయి. రోడ్డు మీద చల్లిన ఉప్పు కరిగించిన నీరు, చక్రాలకు అంటుకుని వచ్చిన ఇసుక, సన్న కంకర అందులోకే చేరతాయి. రాత్రి చలి పెరిగేసరికి ఇదంతా కలిసి రాతిలా బిగుస్తుంది. తరచుగా రైళ్లు తిరిగే లైనులోనైతే ప్రతి బండి ఫ్లాంజూ ఆ మంచును గట్టిపడకముందే కోసుకుంటూ పోతుంది. వారానికి రెండు బండ్లు తిరిగే లైనులో అలా కోసే చక్రమే ఉండదు కనుక, మధ్యలో వచ్చిన రెండు మూడు మంచు తుపానుల సరుకంతా ఒకేసారి మొదటి ఇంజిన్ ముందుకు వస్తుంది.

అలా బిగుసుకున్న గాడిలోకి వచ్చిన ఫ్లాంజ్ మంచును నలగగొట్టగలిగితే ఏ గొడవా లేదు, చాలాసార్లు జరిగేది కూడా అదే. నలగగొట్టలేనప్పుడు మాత్రం ఫ్లాంజ్ ఆ గడ్డ మీదికి ఎక్కుతుంది. ఎక్కిన క్షణం నుంచి చక్రం వెడల్పు భాగం పట్టాను తాకదు, పక్కకు జారకుండా ఆపేందుకు ఫ్లాంజ్‌కు ఆనుకునే చోటూ ఉండదు. ఆ చక్రం మోసే బరువంతా ఐసు మీద ఉంటుంది. అక్కడ లైను కాస్త వంపు తిరిగి ఉన్నా, రోడ్డు ఏటవాలుగా దాటుతున్నా ఆ చక్రం పక్కకు జరిగి, గాడి ముగిసిన చోట పట్టాకు అవతలో ఇవతలో స్లీపర్ల మీద దిగుతుంది. వేగం తక్కువైతే డ్రైవరుకు వెంటనే తెలియకపోవచ్చు. పట్టా తప్పిన చక్రం స్లీపర్లను నలుపుతూ కొంతదూరం పోయి, తర్వాతి పాయింట్ల (ఒక లైను నుంచి మరో లైను చీలే చోటు) దగ్గరే అసలు నష్టం చేసే అవకాశం ఉంది. బరువైన ఇంజిన్ కంటే రైలు కార్లకు (సొంత మోటారుతో నడిచే పెట్టెలకు), లైను తనిఖీకి వాడే తేలికపాటి బండ్లకు ఈ ప్రమాదం ఎక్కువ. రైలులో అందరికంటే ముందుండేది ఇంజిన్ చక్రమే కనుక గూడ్సు బండి విషయంలో ఆ మొదటి దెబ్బ తినేది ఇంజినే.

మంచు తీసే యంత్రాలు ఈ పని చేయవా అని మీరు అడగవచ్చు. రెండు పట్టాల మధ్య మంచును తీయడానికి ఉత్తర అమెరికాలో ఫ్లాంజర్ అనే బండి ఉంది. దాని పలుగు పట్టా తల కంటే కిందికి దిగి, ఫ్లాంజ్ నడిచే దారిని గీకుతూ పోతుంది. అయితే లెవెల్ క్రాసింగ్ వచ్చినప్పుడు ఆ పలుగును పైకి ఎత్తివేయాలి, లేకపోతే అది రోడ్డు పలకలకు కొట్టుకుని విరుగుతుంది. ఎక్కడ ఎత్తాలో చెప్పే గుర్తు బోర్డులు కూడా లైను పక్కన పాతి ఉంటాయి. అంటే మంచుగడ్డ అన్నిటికంటే గట్టిగా బిగిసే చోటే యంత్రం దాన్ని వదిలేసి పోతుంది. అందుకే ఇన్ని యంత్రాలు వచ్చినా ఆ గాడి దగ్గర గునపం పట్టుకున్న మనిషి కనిపిస్తూనే ఉన్నాడు.

ప్రశ్న: ఐసు మీద మనిషే నిలవలేడు కదా, ఇనుప పట్టా మీద నడిచే ఇనుప చక్రానికి పట్టు ఎలా దొరుకుతుంది?
— విశాఖపట్నం నుంచి ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి

జవాబు: దొరికే పట్టు తక్కువే. ఎంత తక్కువో లెక్క వేసి చూద్దాం. ఆరు ఇరుసులున్న 120 టన్నుల ఇంజిన్‌ను తీసుకోండి. పొడి పట్టా మీద చక్రానికి, పట్టాకు మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.3 ఉంటుంది కనుక ఆ ఇంజిన్ చక్రాలు జారకుండా గరిష్ఠంగా 36 టన్నుల బలంతో లాగగలదు. పట్టా మీద నూగుమంచు పట్టి ఘర్షణ 0.1కి పడిపోతే అదే ఇంజిన్ లాగగలిగేది 12 టన్నుల బలంతోనే. మోటారు శక్తి ఏమీ తగ్గలేదు, ఆ శక్తిని పట్టాకు అందించే దారి మూసుకుపోయింది. కాబట్టి మామూలు రోజుల్లో ఎక్కే ఎత్తును బండి ఎక్కలేక నిలిచిపోతుంది, లేదా చక్రాలు ఉన్నచోటే గిరగిర తిరిగి పట్టా తలను అరగదీస్తాయి.

దీన్ని గురించి ఒక అపోహ ప్రచారంలో ఉంది. చక్రం ఒత్తిడికి ఐసు కరిగి నీరై జారుడు వస్తుందని చాలా పాఠాల్లో చెబుతారు. ఐసు కరిగే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గాలంటే దాదాపు 130 వాతావరణాల పీడనం (మామూలు గాలి పీడనానికి 130 రెట్లు) కావాలి. చక్రం పట్టాను తాకే చోటు బొటనవేలి గోరంతే కాబట్టి అక్కడి పీడనం వేల వాతావరణాలు ఉంటుంది. లెక్కకు ఇది చాలనిపిస్తుంది కానీ, అంత ఒత్తిడి కింద పలుచని ఐసు నిలవదు, పిండిపిండిగా నలిగి పక్కలకు పోతుంది. మిగిలేది తడి, నలిగిన ఐసు, పట్టా మీది తుప్పు కలిసిన పలుచని పూత. జారుడుకు ముఖ్య కారణం ఈ పూతే. ముందు చక్రాలు దీన్ని కొంత తుడిచిపెడతాయి కనుక వెనక ఇరుసులకు కాస్త మెరుగైన పట్టు దొరుకుతుంది.

దీనికి మందు ఇసుక. ఇంజిన్‌పై ఉన్న ఇసుక పెట్టెల నుంచి గాలి ఒత్తిడితో గొట్టాల ద్వారా చక్రం ముందు సరిగ్గా పట్టా మీద పడేలా పొడి ఇసుక చల్లుతారు. కొత్తవలస–కిరండూల్ వంటి ఘాట్ లైన్లలో తడి పట్టాల మీద ముడి ఇనుము బండ్లు నడిపే మన లోకో పైలట్లకు ఇది కొత్త విద్య కాదు. చలిదేశాల్లో చిక్కు ఏమిటంటే, ఇసుకలో చెమ్మ చేరితే అది పెట్టెలోనే గడ్డకట్టి గొట్టం మూసుకుపోతుంది. అందుకే అక్కడ ఇసుక గొట్టాలకు వేడి తగిలే ఏర్పాటు ఉంటుంది.

ఎక్కువ ఇసుక చల్లితే ఎక్కువ మేలు అనుకోవడం కూడా పొరపాటే. పట్టాల్లో పారే సన్నని విద్యుత్తును చక్రాలు కలపడం వల్ల ఆ లైను మీద బండి ఉన్నట్టు సిగ్నల్ వ్యవస్థకు తెలుస్తుంది. ఇసుక విద్యుత్తును పోనివ్వదు. ఒంటరి ఇంజిన్ మందంగా పరుచుకున్న ఇసుక మీద ఆగితే, లైను ఖాళీగా ఉందని వ్యవస్థ పొరబడే వీలుంది. బండికి పట్టు ఇచ్చిన ఇసుకే దాన్ని సిగ్నల్‌కు కనబడకుండా చేయగలదు.

బ్రేకు వేసినప్పుడూ ఇదే లెక్క వర్తిస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండికి ఘర్షణ 0.1 దొరికితే అది సుమారు 400 మీటర్లలో ఆగగలదు. 0.03 మాత్రమే దొరికితే 1300 మీటర్లు కావాలి. చక్రం పూర్తిగా బిగుసుకుని జారిందంటే ఒకచోటే అరిగి చదునవుతుంది, ఆ తర్వాత ఆ చక్రాన్ని సరిచేసేదాకా ఆ బండి పట్టాను సుత్తితో కొట్టినట్టు కొడుతూనే పోతుంది.

ప్రశ్న: షికాగోలో పట్టాలకు నిప్పు పెట్టి రైళ్లు నడుపుతున్న వీడియో చూశాను. అది నిజమేనా? పాయింట్లలో మంచు చేరితే బండి పట్టా తప్పుతుందా?
— సికింద్రాబాద్‌లో సిగ్నల్ విభాగంలో శిక్షణ పొందుతున్న ఒక పాఠకుడు

జవాబు: వీడియో నిజమే, దాని కింద రాసే వ్యాఖ్యలే చాలావరకు తప్పు. 2019 జనవరి 30న షికాగోలో ఉష్ణోగ్రత మైనస్ 31 డిగ్రీలకు చేరింది. అక్కడి మెట్రా లోకల్ రైళ్ల సంస్థ తన పాయింట్ల దగ్గర పట్టాల పక్కనే గ్యాస్ మంటలు వెలిగించింది. కాలుతున్నది పట్టా కాదు, దాని పక్కన అమర్చిన గొట్టాల నుంచి వచ్చే గ్యాస్. ఆ వేడికి పాయింట్ల మధ్య చేరిన మంచు కరిగి కారిపోతుంది. అనేక దేశాల్లో ఇదే పనికి విద్యుత్ హీటర్లు, వేడిగాలి ఊదే యంత్రాలు వాడతారు.

పాయింటు దగ్గర జరగవలసింది చాలా సున్నితమైన పని. టంగ్ రైలు అనే కదిలే పట్టా వచ్చి, స్టాక్ రైలు అనే కదలని పట్టాకు అతుక్కున్నట్టు ఆనాలి. మధ్యలో చిన్న ఐసు ముక్క ఉన్నా అది పూర్తిగా ఆనదు. మన దేశంలో 5 మిల్లీమీటర్ల మందమున్న ముక్కను మధ్యలో పెట్టి, పాయింటు లాక్ కాకూడదనీ సిగ్నల్ పడకూడదనీ పరీక్షించే పద్ధతిని మీరు శిక్షణలో చూసే ఉంటారు. సిగ్నళ్లతో ముడిపడిన పాయింట్లలో ఐసు చేసేది కూడా ఆ పరీక్ష ముక్క చేసే పనే. పాయింటు లాక్ కాదు కనుక సిగ్నల్ ఎర్రగానే ఉండిపోతుంది, బండి ఆగిపోతుంది. ప్రయాణికులు విసుక్కుంటారు కానీ ప్రమాదం జరగదు. చలికాలంలో ఆ దేశాల్లో రైళ్లు గంటల తరబడి ఆలస్యం కావడానికి ముఖ్య కారణాల్లో ఇది ఒకటి.

భయపడవలసినవి యార్డుల్లో చేత్తో తిప్పే పాయింట్లు. అక్కడ లాక్ పడిందో లేదో చూసే యంత్రం ఉండదు. లీవరును బలవంతంగా నొక్కి కూర్చోబెడితే ఐసు ముక్క మీద టంగ్ రైలు కొద్దిగా తెరుచుకునే ఉంటుంది. ఎదురుగా వచ్చిన ఇంజిన్ చక్రం ఫ్లాంజ్ ఆ సందులో దూరితే ఇంజిన్ ముందు చక్రాల జట్టు ఒక లైనులోకి, వెనక చక్రాల జట్టు మరో లైనులోకి పోతాయి. అందుకే చలిదేశాల యార్డుల్లో పాయింటు తిప్పే ఉద్యోగికి లీవరు ఎంత ముఖ్యమో చీపురు కూడా అంతే ముఖ్యం. తిప్పేముందు ఊడవడం, తిప్పాక వంగి సందును కంటితో చూడడం అతని పనిలో భాగమే.

హీటర్లు ఉన్నచోట కూడా ఒక ఇబ్బంది తప్పదు. మంచులో దూరం నుంచి వచ్చిన రైలు అడుగున ఐసు పెద్ద పెద్ద ముద్దలుగా వేలాడుతూ ఉంటుంది. పాయింట్ల దగ్గర కుదుపుకు ఒక ముద్ద ఊడి సరిగ్గా ఆ సందులో పడితే, దాన్ని కరిగించడం హీటరుకు వెంటనే సాధ్యం కాదు.

ప్రశ్న: చలికి పట్టాలు విరుగుతాయంటారు, నిజమేనా?
— ఆదిలాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజమే. దీనికి ఐసుతో పని లేదు, చలి చాలు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు తగ్గితే కట్టివేయని కిలోమీటరు పొడవు ఉక్కు పట్టా 46 సెంటీమీటర్లు కురుచవుతుంది. వెల్డింగ్ చేసి స్లీపర్లకు బిగించిన పట్టా కురుచ కాలేదు కనుక ఆ లాగుడంతా దానిలోపలే ఉండిపోతుంది. అందులో ఎక్కడైనా లోపమున్న వెల్డింగ్ ఉంటే అక్కడ తెగుతుంది. మన రైల్వేలలో చలికాలపు రాత్రుల్లో టార్చిలైటుతో లైను వెంట గస్తీ తిరిగే సిబ్బంది వెతికేది ఇలాంటి పగుళ్ల కోసమే. షికాగోలో ఆ చలికి అతుకుల దగ్గర బోల్టులు తెగి పట్టాలు విడిపోయినప్పుడు, పట్టాను వేడి చేసి సాగదీసి మళ్లీ కలుపుతారు.

ప్రశ్న: చలిలో ఎయిర్ బ్రేకులు పనిచేయవని మా రన్నింగ్ రూములో చర్చ జరిగింది. కెనడాలో ఒక గూడ్సు బండి ఇలాగే దొర్లిపోయిందని ఒకరు అన్నారు. వివరాలు చెప్పగలరా?
— విజయవాడ నుంచి ఒక అసిస్టెంట్ లోకో పైలట్

జవాబు: మీ మిత్రుడు చెప్పినది 2019 ఫిబ్రవరి 4న బ్రిటిష్ కొలంబియాలోని ఫీల్డ్ అనే ఊరి దగ్గర జరిగిన ప్రమాదం. కెనేడియన్ పసిఫిక్ సంస్థకు చెందిన 112 ధాన్యపు వ్యాగన్ల బండి రాకీ పర్వతాల నుంచి నిటారైన వాలులో దిగుతూ వేగం అదుపులోకి రాక ఎమర్జెన్సీ బ్రేకుతో ఆగింది. అప్పుడు అక్కడ ఉష్ణోగ్రత మైనస్ 28 డిగ్రీలు. సిబ్బంది డ్యూటీ సమయం ముగియడంతో వేరే ముగ్గురు వచ్చి బండి ఎక్కారు. ఆగిన దాదాపు మూడు గంటలకు, ఎవరూ బ్రేకు విడిచిపెట్టకుండానే బండి తనంతట తాను కదిలింది. వంపులో పట్టా తప్పి 99 వ్యాగన్లు, రెండు ఇంజిన్లు పడిపోయాయి, ఆ ముగ్గురూ చనిపోయారు.

అసలేం జరిగిందో మీ వృత్తిలో ఉన్నవారికి సులభంగానే అర్థమవుతుంది. బ్రేక్ సిలిండర్లలో రబ్బరు సీళ్లు తీవ్రమైన చలికి బిగుసుకుని, పాతబడిన వాటి నుంచి గాలి కొద్దికొద్దిగా కారిపోతుంది. మామూలు వాతావరణంలో గంటల తరబడి నిలిచే ఒత్తిడి ఆ చలిలో నిలవదు. వ్యాగన్లకు హ్యాండ్ బ్రేకులు బిగించి ఉంటే ఆ లోటు తీరేది, కానీ బిగించలేదు. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే, కొండ వాలులో ఎమర్జెన్సీ బ్రేకుతో ఆగిన బండికి హ్యాండ్ బ్రేకులు తప్పనిసరిగా వేయాలని కెనడా రవాణా శాఖ ఆదేశించింది. మంచుగడ్డ వల్ల జరిగిన ప్రమాదాల జాబితాలో కొందరు దీన్నీ చేరుస్తారు. నా దృష్టిలో అది సరికాదు. ఇది చలి, గాలి కారడం, నిబంధనల లోపం కలిసి తెచ్చిన ప్రమాదం.

ఐసు నేరుగా బ్రేకును దెబ్బతీసే తీరులు వేరే ఉన్నాయి. ఎగిరిన మంచు బ్రేక్ బ్లాకుకు, చక్రానికి మధ్య చేరి గడ్డకడితే, బ్రేకు వేసిన మొదటి కొన్ని క్షణాలు బ్లాకు ఐసునే రుద్దుతుంది. స్కాండినేవియా దేశాల్లో డ్రైవర్లు ఆపే అవసరం లేకపోయినా మధ్యమధ్యలో కొద్దిగా బ్రేకు వేస్తూ ఆ ఐసును కరిగిస్తూ పోతారు. రెండోది గాలిలోని తేమ. కంప్రెసర్ నుంచి వచ్చిన గాలిలో చెమ్మ మిగిలితే అది పైపు వంపులోనో వాల్వులోనో గడ్డకట్టి గాలికి అడ్డుపడుతుంది. మెయిన్ రిజర్వాయరు (గాలి నిలవ ఉంచే ట్యాంకు) నుంచి నీటిని వదలడం మీకు రోజువారీ పనే. ఆ పనిని అక్కడ ఒక పూట మానితే పైపులో ఐసు పేరుకోవడానికి అవకాశం ఇచ్చినట్టే.

ప్రశ్న: కాశ్మీరులో రైళ్లకు ఈ సమస్యలేవీ రావా?
— గుంటూరు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: వస్తాయి. లోయలో బనిహాల్–బారాముల్లా లైను మీద మంచు ఎక్కువగా పడిన రోజుల్లో మంచు తొలగించే బండిని ముందు నడిపి, లైను తేరుకున్నాకే రైళ్లు వదులుతారు. 2025 జూన్ 6న కాట్రా–శ్రీనగర్ మధ్య మొదలైన వందే భారత్ రైలును ఈ వాతావరణం కోసమే మార్చి తయారు చేశారు. డ్రైవరు ముందున్న అద్దంలోనే వేడెక్కే తీగలు అమర్చారు. నీటి ట్యాంకులు, బయో టాయిలెట్ల గొట్టాలు గడ్డకట్టకుండా హీటర్లు పెట్టారు. సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనూ పనిచేసేలా బ్రేకుల గాలి వ్యవస్థను సరిచేశారు.

ఆ లైనుకు ఈ ఏర్పాట్ల కంటే ఎక్కువ మేలు చేసినవి సొరంగాలే అనిపిస్తుంది. బనిహాల్–కాజీగుండ్ మధ్య పీర్ పంజాల్ కింద 11 కిలోమీటర్లకు పైగా ఉన్న సొరంగం 2013లో తెరిచాక, మంచు మూసేసే కనుమ పైకి ఎక్కే అవసరం రైలుకు లేకుండా పోయింది. అలాగని సొరంగం పూర్తిగా నిర్భయమైనదేమీ కాదు. చలిదేశాల్లో సొరంగం ముఖద్వారం దగ్గర పైనుంచి చుక్కచుక్కగా కారే ఊట నీరు పట్టా మీద పడి, బండి రాని గంటల్లో పొరమీద పొరగా దిబ్బ కడుతుంది, పైన ఐసు కత్తులు వేలాడతాయి. ఆ నీటిని పట్టా దాకా రానివ్వకుండా కాలువలోకి మళ్లించడం అక్కడి ఇంజినీర్ల పెద్ద పని.

ప్రశ్న: జపాన్‌లో బుల్లెట్ రైలు నడిచే పట్టాల మీద నీళ్లు చిలకరిస్తారట. చలిలో నీళ్లు చల్లితే ఇంకా గడ్డకట్టదా?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: టోకైడో షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలుమార్గం 1964లో మొదలైన మొదటి చలికాలాల్లోనే సెకిగహారా ప్రాంతంలో ఈ సమస్య బయటపడింది. వేగానికి ఎగిరిన పొడి మంచు రైలు అడుగున అంటుకుని గడ్డకట్టేది. వెచ్చని ప్రాంతం చేరాక ఆ ముద్దలు ఊడి పట్టాల మధ్య కంకర మీద పడేవి. అంత వేగంలో పడిన ఐసు కంకర రాళ్లను ఎగరగొట్టి కిటికీ అద్దాలను, అడుగు భాగాన్ని దెబ్బతీసేది. నీళ్లు చల్లడం మంచును కరిగించడానికి కాదు, తడిపి బరువెక్కించి ఎగరనివ్వకుండా చేయడానికి. అక్కడ చలి మరీ తీవ్రంగా ఉండదు కనుక ఈ ఉపాయం పనిచేస్తుంది. మంచు విపరీతంగా పడే జోఎత్సు లైనులో వేడి చేసిన నీటిని చల్లి మంచును కరిగిస్తారు. సైబీరియాలో చన్నీళ్లు చల్లితే మీరు అనుకున్నదే జరుగుతుంది.

ప్రశ్న: గడ్డకట్టిన సరస్సు మీదే పట్టాలు వేసి రైలు నడిపారని విన్నాను. ఐసు ఇంజిన్‌ను మోస్తుందా?
— రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోస్తుందని నమ్మి ఇంజిన్లు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. 1880లో కెనడాలోని మాంట్రియాల్ వద్ద గడ్డకట్టిన సెయింట్ లారెన్స్ నది మీద పట్టాలు వేసి రైలు నడిపారు. మరుసటి ఏడాది జనవరిలో ఒక ఇంజిన్ ఐసును చీల్చుకుని మునిగిపోయింది. అంతకంటే ప్రసిద్ధమైనది బైకాల్ సరస్సు కథ. 1904లో రష్యా–జపాన్ యుద్ధం మొదలయ్యేనాటికి సైబీరియా రైలుమార్గంలో ఆ సరస్సు చుట్టూ వెళ్లే భాగం పూర్తి కాలేదు. ఐసును చీల్చే నౌక ఉన్నా నడి చలికాలంలో అది ముందుకు సాగలేకపోయింది. సైన్యాన్ని తూర్పుకు పంపే తొందరలో సరస్సు మీదే పట్టాలు పరిచారు. పరీక్షగా నడిపిన ఇంజిన్ మునిగిపోయాక పద్ధతి మార్చారు. ఇంజిన్లను భాగాలుగా విప్పి, వ్యాగన్లను విడివిడిగా, గుర్రాలతోనూ మనుషులతోనూ ఆవలి ఒడ్డుకు లాగించారు.

మందమైన ఐసు బరువు మోయడం అబద్ధం కాదు. ఇంజిన్ విషయంలో చిక్కు ఏమిటంటే బరువంతా కొద్ది మీటర్లలో కేంద్రీకృతమై ఉంటుంది. దాన్ని ఎక్కువ ఐసు మీదికి పంచడానికి ఎంత పొడవైన స్లీపర్లు వేసినా, పగటి ఎండకూ రాత్రి చలికీ ఐసు దానంతట అదే బీటలు వారుతూ ఉంటుంది. నిన్న గట్టిగా ఉన్న చోటే ఇవాళ పగులు ఉండవచ్చు. అదే బరువును ముక్కలుగా విడదీసి దూరదూరంగా తీసుకెళ్తే అదే ఐసు మోయగలిగింది.

ప్రశ్న: మా వీధి చివర లెవెల్ క్రాసింగ్ ఉంది. మంచు ఊడ్చేటప్పుడు ఇరుగుపొరుగువారు దాన్ని రోడ్డు మీదుగా పట్టాల వైపు తోసేస్తున్నారు. ఇది ప్రమాదమా? ఎవరికి చెప్పాలి?
— ఒహాయో నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రమాదమే. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో వివరించిన గాడిని మీ ఇరుగుపొరుగువారు చేతులారా నింపుతున్నారన్నమాట. తోసిన మంచును కార్లు తొక్కి బిగించడానికి ఒక్క సాయంత్రం చాలు. పట్టాలకు దూరంగా, డ్రైవరుకు రోడ్డు కనపడకుండా అడ్డం రాని చోట దాన్ని పోయమని చెప్పండి. అమెరికాలో ప్రతి లెవెల్ క్రాసింగ్ దగ్గరా నీలి రంగు చిన్న బోర్డు మీద అత్యవసర ఫోన్ నంబరు, ఆ క్రాసింగ్ గుర్తింపు నంబరు రాసి ఉంటాయి. గాడి నిండా ఐసు బిగిసి కనిపించినా, గేటు మంచుకు ఇరుక్కుని దిగకపోయినా ఆ నంబరుకు ఫోన్ చేసి గుర్తింపు నంబరు చెబితే చాలు, అది ఏ క్రాసింగో వారికి తెలిసిపోతుంది. గునపం తీసుకుని మీరే పట్టాల మధ్యకు దిగవద్దు. మెత్తని మంచు చప్పుడును మింగేస్తుంది కనుక వచ్చే బండి దగ్గరికి వచ్చేదాకా వినపడదు.